108 వచ్చేలోపు ప్రాణం మన చేతుల్లోనే

(సంఘం మండల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఎప్పుడు మైకు పట్టుకున్నా మద్దతు ధర గురించో, కౌలు రైతుల గుర్తింపు గురించో, కరెంటు గురించో మాట్లాడతానని మీకు తెలుసు. ఇవాళ అవన్నీ పక్కన పెడుతున్నాను. పొలంలో పెద్ద దెబ్బ తగిలిన మనిషిని ఆస్పత్రికి చేరేదాకా ఎలా బతికించుకోవాలి అన్నది ఒక్కటే మాట్లాడతాను. నేను డాక్టర్ని కాదు. హైస్కూలు చదువుతో ఆగిపోయిన రైతుని. ప్రథమ చికిత్స తరగతుల్లో కూర్చుని నేర్చుకున్నదే మీకు చెప్తున్నాను. ఆ తరగతులకు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో ముందు చెప్పాలి.

కొన్నేళ్ల కిందటి మాట. మా ఊళ్లో మొక్కజొన్న నూర్పిడి నడుస్తోంది. ట్రాక్టరు వెనక పీటీఓ షాఫ్టు మీద ఉండాల్సిన మూత ఎప్పుడో ఊడిపోయింది, ఎవరూ మళ్లీ బిగించలేదు. వరసకు నాకు అన్న అయ్యే ఒక కూలీ ఆ షాఫ్టు దాటబోయాడు. లుంగీ అంచు చుట్టుకుంది. ఇంజను ఆపేసరికి తొడ దగ్గర చీరుకుపోయింది. రక్తం ధార కట్టి కారుతోంది.

అక్కడ నలుగురం ఉన్నాం. ఒకడు కాఫీపొడి కోసం ఊళ్లోకి పరుగెత్తాడు. ఒకడు పసుపు తెచ్చాడు. ఒకడు బండి కోసం ఫోన్లు చేస్తున్నాడు. నేను నా తువ్వాలు గాయం మీద పెట్టాను గానీ, ఆగిందా లేదా అని నిమిషానికోసారి ఎత్తి చూశాను. దాహం దాహం అంటే నీళ్లు తాగించాం. ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లాం. దారిలోనే మాట పడిపోయింది. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు చూసి, "గాయం మీద గట్టిగా నొక్కి పట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. తప్పు పట్టడానికి అడగలేదు. కానీ నేను తలెత్తలేకపోయాను. నలుగురం ఉన్నాం. ఎనిమిది చేతులున్నాయి. చెయ్యాల్సిన పని ఒక్క చెయ్యీ చెయ్యలేదు.

ఆ అన్నకు ఎకరం భూమి లేదు. పట్టాదారు పాసుపుస్తకం లేదు కాబట్టి రైతుబీమా లేదు. ఇద్దరు పిల్లలతో వదిన ఇవాళ్టికీ మిరపకాయ కోతలకు వెళ్తోంది. అందుకే ఈ విషయం కూడా సంఘం విషయమే అంటున్నాను.

ముందు మనం బతకాలి

పీటీఓ షాఫ్టు మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. లుంగీ అంచుగానీ చీర కొంగుగానీ తగిలిందని మనకు తెలిసేలోపే మనిషిని లాగేసుకుంటుంది. దెబ్బ తగిలినవాణ్ణి చూడగానే మీదపడి లాగడం మన అలవాటు. అలా లాగబోయి రెండోవాడు కూడా పోయిన ఊళ్లున్నాయి. కాబట్టి మొదటి పని ఇంజను ఆపడం, తాళం తీసేయడం. రోటావేటర్లో కాలో చెయ్యో ఇరుక్కుంటే ఇంజనుతో వెనక్కి తిప్పి తీయాలని చూడొద్దు. ఇరుక్కున్నది ఇంకా నలిగిపోతుంది. బోల్టులు విప్పించండి, ఆలోపు రక్తం ఆపండి.

మోటారు దగ్గర షాక్ కొట్టినా అంతే. ముట్టుకోవద్దు. స్టార్టరు డబ్బా దగ్గర ఫ్యూజు పీకండి, కరెంటు పూర్తిగా పోయాకే చెయ్యి వెయ్యండి. ఆపే దారి లేనప్పుడు, అది మోటారు తీగో ఇంటి తీగో అయితే, పొడి నేల మీద నిలబడి పొడి కర్రతో తీగను తప్పించాలి. 11 కేవీ తీగ తెగి పడితే కర్ర కూడా పనికిరాదు. దూరంగా ఉండి లైన్‌మన్‌కూ సబ్‌స్టేషన్‌కూ ఫోను చేసి, లైను ఆపించాకే దగ్గరికి వెళ్లాలి.

అరవని వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి

మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్లే ఆడవాళ్ల ఆటోలు, ట్రాక్టరు ట్రాలీలు బోల్తా పడటం మనం చూస్తూనే ఉన్నాం. పదిమంది కింద పడి ఉంటారు. మనం ఎవరు గట్టిగా అరుస్తున్నారో వాళ్ల దగ్గరికే వెళ్తాం. నేర్చుకోవాల్సింది దీనికి తిరగేసి. అరుస్తున్నారంటే ఊపిరి ఆడుతోందని అర్థం. చప్పుడు లేకుండా పడి ఉన్న మనిషి దగ్గరికి ముందు వెళ్లాలి.

వెళ్లి మూడు చూడండి. రక్తం ధారగా పోతోందా? ఊపిరి ఆడుతోందా? పిలిస్తే పలుకుతోందా? ధారగా పోయే రక్తం కనిపిస్తే ముందు దాన్ని ఆపండి. స్పృహ లేదు గానీ మామూలుగా ఊపిరి ఆడుతోందంటే, వెల్లకిలా వదిలేయకండి. నాలుక వెనక్కి పడిపోతుంది, వాంతి గానీ రక్తం గానీ గొంతులో అడ్డుపడుతుంది. నోట్లో కనిపించే మట్టి, ఊడిన పన్ను తీసేసి, తలా మెడా ఒంగిపోకుండా పట్టుకుని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యొద్దు. ఉల్లిపాయ వాసన చూపించడం, చెంపల మీద కొట్టడం వల్ల సమయం పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

రక్తం ఆపడం మూడు మాటల్లో

పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. రెండు లీటర్లు పోయిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. తొడలో పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లోనే అంత పోతుంది. 108 ఎంత తొందరగా వచ్చినా మన చేనుగట్టు దాకా అన్ని నిమిషాల్లో రాలేదు. కాబట్టి ఆపాల్సింది అక్కడున్నవాళ్లే.

ఏది ప్రాణాంతకమైన రక్తస్రావం? చిమ్ముతూ వస్తున్నా, నేల మీద మడుగు కడుతున్నా, పెట్టిన గుడ్డ తడిసి ముద్దవుతున్నా, చెయ్యో కాలో తెగిపడినా, మనిషి తడబడుతూ పొంతనలేని మాటలు మాట్లాడుతున్నా అది ప్రాణాంతకమే.

మొదటి మాట, నొక్కు. శుభ్రమైన గుడ్డ దొరికితే మంచిది, దొరక్కపోతే ఒంటి మీద ఉన్న కండువా చాలు. గాయం మీద పెట్టి, రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కండి. ఎత్తి చూడొద్దు. నేను చేసిన తప్పు అదే. ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టబోయిన రక్తం ఊడి వస్తుంది. గుడ్డ తడిస్తే దాని మీద ఇంకోటి వెయ్యండి, నొక్కుడు మాత్రం వదలొద్దు. అన్నా నొప్పి అంటే, నొప్పే, ఓర్చుకో అని చెప్పండి గానీ చెయ్యి తీయొద్దు.

రెండో మాట, కుక్కు. గాయం లోతుగా ఉంటే పైన నొక్కితే చాలదు. గుడ్డ కొసను వేలితో గాయం లోపలికి, రక్తం వచ్చే చోటికి, ఇక పట్టనంతగా కుక్కి, దాని మీద నొక్కాలి. గజ్జలు, చంక, భుజం దగ్గర కట్టు కట్టడం కుదరదు కాబట్టి అక్కడ ఇదే దారి. పొట్టలోకి, రొమ్ములోకి దిగిన గాయంలో మాత్రం ఏమీ కుక్కకూడదు.

మూడో మాట, బిగించు. చెయ్యికో కాలికో తగిలిన గాయం నొక్కినా ఆగకపోతే, లేదా అవయవం తెగిపోతే, గాయానికి పైన, అంటే గుండె వైపు, రెండు మూడు అంగుళాల ఎడంతో బిగింపు కట్టు వెయ్యాలి. మోకాలి మీద, మోచేతి మీద వెయ్యొద్దు, కీలు దాటి పైన వెయ్యండి. గుడ్డ రెండంగుళాల వెడల్పుండాలి. జీఐ తీగ, నైలాన్ తాడు, చెప్పు లేసు వద్దు, అవి కండను కోసేస్తాయి. గుడ్డ చుట్టి సగం ముడి వేసి, దాని మీద గట్టి కర్రముక్క పెట్టి ఇంకో ముడి వేసి, రక్తం ఆగేదాకా కర్రను మెలితిప్పండి. కర్ర వదులు కాకుండా ఇంకో గుడ్డతో కట్టేయండి. కట్టిన టైము కాగితం మీదో, చెయ్యి మీదో రాయండి. మధ్యమధ్య వదులు చెయ్యాలని పాతరోజుల్లో చెప్పేవాళ్లు. ఇప్పుడు అది తప్పంటున్నారు. ఒకసారి బిగించాక విప్పాల్సింది ఆస్పత్రిలోనే.

పసుపు, కాఫీపొడి, మట్టి, సున్నం, ఆకు పసరు ఏదీ ధార కట్టే రక్తాన్ని ఆపలేదు. గాయంలో చీము పట్టడానికి, డాక్టరు కడగడానికి పట్టే సమయం పెరగడానికి మాత్రం పనికొస్తాయి. గాయంలో కొడవలి ముక్కో, ఇనుప చువ్వో దిగి ఉంటే పీకొద్దు. బిరడాలా అదే రక్తాన్ని ఆపి ఉంచొచ్చు. కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి కట్టండి. ఎద్దు పొడిచి పేగు బయటికొస్తే లోపలికి నెట్టొద్దు. తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, మోకాళ్లు కాస్త మడిచి పడుకోబెట్టి తీసుకెళ్లండి.

గడ్డి కోసే మిషన్లో వేళ్లు తెగిపడితే వాటిని పారేయకండి. తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవర్ని ఐసు కలిపిన నీళ్లలో పెట్టి మనిషితోపాటే పంపండి. వేళ్లను నేరుగా ఐసు మీద పెడితే పాడైపోతాయి. అతికించడం అన్నిసార్లూ కుదరదు, కానీ తేకపోతే అసలే కుదరదు.

పైకి కనపడని దెబ్బ

మనల్ని ఎక్కువగా మోసం చేసేది ఇది. ట్రాక్టరు చక్రం పొట్ట మీద నుంచి పోయింది, లేదా ఎద్దు కుమ్మింది. గీతైనా పడలేదు. లేచి కూర్చుని, నాకేం కాలేదు అంటాడు. ఇంటికి తీసుకెళ్లి పడుకోబెడతాం. తెల్లారేసరికి మనిషి ఉండడు. లోపల కాలేయమో ప్లీహమో చిట్లి రక్తం పొట్టలోనే చేరుతుంది. గుర్తులేమిటంటే, మొహం పాలిపోతుంది, చల్లటి చెమట పడుతుంది, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకుంటుంది, విపరీతమైన దాహం, కుదురులేనితనం, పొట్ట గట్టిపడి ముట్టుకుంటే నొప్పి. ఇందులో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. పడుకోబెట్టండి, దుప్పటి కప్పి వెచ్చగా ఉంచండి, దాహమన్నా నీళ్లు పట్టొద్దు. ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అన్నకు నీళ్లు తాగించినప్పుడు మాకు ఇది తెలియదు.

తల దెబ్బ కూడా ఇంతే. కాసేపు స్పృహ పోయి మళ్లీ మామూలుగా మాట్లాడతాడు. తర్వాత తలనొప్పి పెరుగుతుంది, వాంతులవుతాయి, మత్తుగా పడుకుంటాడు, ఒక కంటిపాప పెద్దదవుతుంది. నిద్రపోనివ్వండి, అలిసిపోయాడు అనుకోవద్దు. స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.

తాటిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుణ్ణి, బావిలో పడినవాణ్ణి భుజాల కింద ఒకరు, కాళ్ల కింద ఒకరు పట్టుకుని ఎత్తి ఆటోలో మడిచి పెడతాం. వెన్నుపూస విరిగి ఉంటే, కాళ్లు బాగున్న మనిషి ఆ ఎత్తడంతోనే జీవితాంతం మంచం పట్టొచ్చు. అగ్గి, కరెంటు, నీళ్లు లాంటి ప్రమాదం లేకపోతే 108 వచ్చేదాకా కదపొద్దు. ఒకరు తలకు రెండు పక్కలా చేతులు పెట్టి నిటారుగా పట్టుకోవాలి. కదపక తప్పకపోతే ముగ్గురు నలుగురు కలిసి తల, నడుము, కాళ్లు ఒకే వరసలో ఉండేలా ఒక్కసారే తిప్పి తలుపుచెక్క మీదికో బల్ల మీదికో చేర్చాలి.

కరెంటు కొట్టి ఊపిరి ఆగితే

కరెంటు ఆపాక చూడండి. పలకడం లేదు, ఊపిరి ఆడటం లేదు, లేదా ఎప్పుడో ఒక ఎక్కుపీల్పు వస్తోంది. అది మామూలు ఊపిరి కాదు. గుండె ఆగిందనుకుని మొదలుపెట్టాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మధ్య ఎముక మీద అరచేతి మడమ పెట్టి, రెండో చెయ్యి దాని మీద వేసి, రెండంగుళాల లోతు దిగేలా నొక్కి వదలాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకు దాదాపు రెండు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, లేకపోతే చెయ్యి సడలిపోతుంది. 108 వచ్చేదాకానో, మనిషి కదిలేదాకానో ఆపొద్దు. పక్కటెముక విరుగుతుందేమో అని భయపడొద్దు. ఎముక అతుకుతుంది, ఆగిన గుండెను వదిలేస్తే మాత్రం మళ్లీ రాదు. షాక్ కొట్టి స్పృహ తప్పి లేచినవాణ్ణి కూడా ఒకసారి ఆస్పత్రిలో చూపించాల్సిందే.

ఫోను, దారి, ఆస్పత్రి

మన ఉమ్మడి రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోను చేసేవాడు గాభరా పడకుండా నాలుగు మాటలు చెప్పాలి. ఊరు, మండలం, దగ్గర్లో గుడో చెరువో ఒక గుర్తు, ఎంతమందికి ఎలాంటి దెబ్బ, స్పృహా ఊపిరీ ఉన్నాయా లేదా. అవతలివాళ్లు పెట్టేయమనేదాకా ఫోను పెట్టేయొద్దు. ఒక కుర్రాణ్ణి బైకు మీద మెయిన్ రోడ్డుకు పంపండి, డొంకదారి చూపించి బండిని చేను దాకా తెస్తాడు.

పోలీసు కేసవుతుందని వెనకాడొద్దు. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ కూడా చేర్చారు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి పోలీసు కాగితాల కోసం ఆగకుండా వైద్యం చెయ్యాల్సిన బాధ్యత ప్రభుత్వ డాక్టరుకూ ప్రైవేటు డాక్టరుకూ ఉందని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుమ్మంలో ఎవరైనా కేసు కాగితం అడిగితే ఈ మాట గుర్తు చెయ్యండి. మట్టి తగిలిన ఏ గాయానికైనా ధనుర్వాతం ఇంజక్షన్ అవసరమేమో అడగడం మర్చిపోవద్దు.

ఇక మనం చేయాల్సింది

మిషన్ల యజమానుల్లో మనవాళ్లే ఎక్కువ. షాఫ్టు మూత లేని ట్రాక్టరుతో నూర్పిడి చేయించబోమని సంఘం సభ్యులుగా ముందు మనం తీర్మానించుకోవాలి. నూర్పిడి యంత్రాల్లాంటివాటి వల్ల జరిగే ప్రమాదాల కోసమే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. మన పొలాల్లో దాని ఊసెత్తేవాళ్లు లేరు. గీత కార్మికులు అడిగితే 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో చెట్టెక్కే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అడిగితేనే వచ్చాయి. మిషన్ల మీద పనిచేసే కూలీల కోసం మనమూ అడగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట డాక్టరు, ఏరియా ఆస్పత్రిలో రక్తం నిల్వ, కూలీలకూ కౌలు రైతులకూ బీమా, ఈ మూడూ మన డిమాండ్ల పట్టికలో ఉండాలి. ఆలోపు ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో 18 నుంచి 70 ఏళ్ల మధ్య వాళ్లందరినీ బ్యాంకులో చేర్పించండి. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. దానికి భూమి కాగితం అక్కర్లేదు.

ఊరికి నలుగుర్ని ఎంచుకోండి, అందులో ఇద్దరు ఆడవాళ్లుండాలి. ఇవాళ మధ్యాహ్నం ఇక్కడే నొక్కడం, కుక్కడం, బిగించడం చేయించి చూస్తాం. వినడం వేరు, చేతితో చెయ్యడం వేరు. ప్రతి ట్రాక్టరు మీదా ఒక సంచి ఉండాలి. నాలుగు ఉతికిన నూలు గుడ్డలు, రెండంగుళాల పట్టీ, జానెడు గట్టి కర్ర, కత్తెర, చేతి తొడుగులు, ప్లాస్టిక్ కవర్లు, పెన్ను, టార్చి. అంతా కలిపినా పెద్ద ఖర్చేమీ కాదు.

పాముకాటు, పురుగుమందు విషం గురించి ఇంకో తరగతిలో కూర్చుందాం. వాటి పద్ధతి వేరు. ముఖ్యంగా ఈ బిగింపు కట్టు పాముకాటుకు వెయ్యకూడదు, ఈ ఒక్క మాట ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

మిత్రులారా, అన్న గాయం మీద నేను పెట్టి ఎత్తిన తువ్వాలు లాంటిదే ఇవాళ మనందరి భుజాల మీదా ఉంది. మన ఊళ్లో రేపు ఎవరైనా పడితే దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎంత గట్టిగా నొక్కాలో తెలిసిన చెయ్యి ఒక్కటైనా అక్కడ ఉండాలి. డాక్టరు నన్ను అడిగిన ప్రశ్న మిమ్మల్ని అడిగినప్పుడు, "ఉన్నాను సార్, నొక్కి పట్టుకునే తెచ్చాను" అని చెప్పగలగాలి.